కంట్రోలక్క రక్తం

ఆసుపత్రిలో అందరూ ఆమెను కంట్రోలక్క అనేవాళ్లు. ఎవరి మీదో పెత్తనం చేసే మనిషి అనుకునేరు, ఆ ముచ్చటా లేదు పాపం. మా ల్యాబులో పొద్దున్నే రోగుల రక్తం పెట్టేముందు, ఎంత చూపించాలో ముందే తెలిసిన రక్తం ఒకటి మెషీన్‌లో పెడతాం. ఆ అంకె వస్తే మెషీన్ బాగున్నట్టు. దాన్నే కంట్రోల్ అంటాం. కంపెనీ పంపాల్సిన సీసాలు ఏనాడూ వేళకు రావు. అందుకని మా మేనేజర్ ఒక ఉపాయం చెప్పాడు. ఆయన తెలివి తెల్లారినట్టే ఉంది! మా ల్యాబులోనే పనిచేసే అక్క అంకెలు ఎప్పుడూ మారవని, ప్రతి సోమవారం ఆమె రక్తమే తీసి పెట్టమన్నాడు. తొమ్మిదేళ్లు ఆమె చెయ్యి గుచ్చింది నేనే.

గోడ మీది తెల్లబోర్డులో రాసి ఉండేది: అక్క, విటమిన్ డి 9, సీఆర్పీ 6, మూడు నెలల షుగర్ సగటు 5.6. సీఆర్పీ అంటే ఒంట్లో లోలోపల వాపు ఎంతుందో చెప్పే పరీక్ష, ఐదు దాటకూడదు. డి ఇరవైకి తగ్గకూడదని మాకు తెలియదా? ఏ రోగికైనా తొమ్మిది వస్తే కాగితం మీద ఎర్రగీత కొట్టి పంపేది మేమే. అక్క తొమ్మిది మాత్రం మా కంటికి జబ్బులా కనిపించలేదు. "అక్క తొమ్మిదొచ్చింది, ఇక కానివ్వండి" అని పనిలో పడేవాళ్లం.

ల్యాబు నేలమాళిగలో ఉంది. ఏసీ ఉంది, అదీ మెషీన్ల కోసం. కిటికీ లేదు. అక్క పొద్దున ఏడింటికి మెట్లు దిగితే సాయంత్రం ఏడింటికి ఎక్కేది. ఇరవై రెండేళ్లు అదే వరస, ఒంటికి ఎండ తగిలింది లేదు. పై అంతస్తులో రక్తం తీసే కౌంటర్ పక్కన పెద్ద కిటికీ ఉంది. అక్కడికి మార్చమని మూడుసార్లు అడిగింది.

"నువ్వు పైకెళ్తే ఈ మెషీన్లు నా మాట వింటాయా అమ్మా?" అని మేనేజర్ నవ్వేశాడు. ఆ పొగడ్తకే ఆమె కరిగిపోయింది, పిచ్చి మాలోకం.

అక్కకు ప్రపంచంలో ఒకే ఒక్క భయం, షుగర్. వాళ్లమ్మకు షుగర్ ముదిరి పాదం తీసేశారు. ఆరేళ్లు ఆ పుండు కడిగింది అక్కే. అప్పటినుంచి టీలో చక్కెర మానేసింది. ఎవరైనా కేకు ముక్క చేతిలో పెడితే, "నాకొద్దే తల్లీ. మా అమ్మ కాలు ఇంకా కళ్లముందే ఉంది" అనేది.

అలాంటిది, ఒక సోమవారం ఆమె షుగర్ 5.7 హద్దు దాటి 5.9 చూపించింది.

"మెషీన్‌కి ఏదో అయిందే," అంది అక్క. నేనూ తలూపాను. ఇంజనీరుకు కబురు పెట్టాం. అతను పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా విప్పి, బిగించి, "మెషీన్ బంగారంలా ఉంది మేడం" అన్నాడు. వీడికి పనిరాదని మేమిద్దరం చాటుగా నవ్వుకున్నాం. బోర్డు మీద పాత అంకె చెరిపి కొత్తది రాసుకున్నాం. మరుసటి ఏడాది 6.2. మళ్లీ ఇంజనీరు, మళ్లీ నవ్వులు, మళ్లీ చెరుపుడు. మా బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం చెప్పను!

ఈ ఏడాది 6.8 వచ్చింది. అదృష్టమో దురదృష్టమో, ఆ వారం కంపెనీ సీసా వచ్చి ఉంది. అది పెట్టి చూశాను. చుక్క తేడా లేదు, మెషీన్ సరిగ్గానే ఉంది. ఆరున్నర దాటితే దాన్ని ఏమంటారో మాకు ఒకరు చెప్పాలా?

అక్క కాగితం తీసుకుని చూసింది. "మెషీన్ని ఇంకోసారి చూడవే," అంది. చూశాను. అదే అంకె.

డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆవిడ మా మెషీన్ లెక్కల్లోని పాత అంకెలన్నీ చదివింది. "డి తక్కువగా, ఈ వాపు ఎక్కువగా ఉన్నవాళ్లలో షుగర్ ఎక్కువమందికి వస్తున్నట్టు పరిశోధనల్లో చూశారమ్మా. అదే కారణమని మాత్రం చెప్పలేం. మీ అమ్మగారి పోలిక ఉంది, రోజంతా కూర్చునే పని ఉంది. కానీ 5.9 దగ్గరే వచ్చి ఉంటే చాలావరకు ఆపడానికి చూసేవాళ్లం. మెషీన్ కోసం సరే, ఇన్నేళ్లలో మీ కోసం ఒక్కసారైనా టెస్ట్ చేయించుకోలేదా?"

అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి నేను తల దించుకున్నాను.

"ప్రతి సోమవారం చేయించుకున్నానండీ," అంది.

మరుసటి సోమవారం మేనేజర్ కిందికి దిగాడు. మాత్రలు మొదలుపెట్టింది కదా, ఇక ఆమె అంకెలు నిలవవట. "మీ రక్తం ఇక పనికిరాదమ్మా," అన్నాడు. ఎలా ఉన్నావని ఒక్క మాట అడగలేదు. నా ఒళ్లు మండిపోయింది. ఆయన నావైపు తిరిగి, "నువ్వూ చాలా ఏళ్లుగా ఇక్కడే ఉన్నావుగా. నీది పెట్టి చూడండి," అని మెట్లెక్కి పోయాడు.

అక్క నా చెయ్యి లాగి గుచ్చింది. గంట తర్వాత మెషీన్ కాగితం కక్కింది. డి పదకొండు. అలవాటు కొద్దీ నేను మార్కర్ తీసుకుని బోర్డు దగ్గరికి నడిచాను.

అక్క ఆ మార్కర్ లాక్కుంది. బోర్డు మొత్తం కొంగుతో తుడిచేసింది. నా కాగితం మీద, పదకొండు కింద, ఎర్రగీత కొట్టి నా చేతిలో పెట్టింది.

"ముందు పైకి పో. డాక్టరమ్మ ఒంటిగంట దాకా ఉంటుంది."