జారుడుబండ మీద అక్క

అశోక్‌నగర్ ఆడపిల్లల హాస్టల్లో నా పక్క మంచం అక్కకు ఏ పాఠమైనా ఒంటితో చేసి చూస్తే తప్ప తృప్తి ఉండేది కాదు. సర్కారు కొలువు కోసం ఇద్దరం ఒకే పరీక్ష రాయబోతున్నాం; వయసు దాటిపోతోంది కనుక ఆమెకు అదే ఆఖరిది. పరీక్షకు వారం ముందు చిక్కడపల్లి లైబ్రరీలో నేను స్థితిజ శక్తి అర్థంకాక కళ్లనీళ్లు పెట్టుకుంటే, పుస్తకం మూసి నన్ను పార్కుకు లాక్కెళ్లింది.

చున్నీ నడుముకు బిగించి జారుడుబండ ఎక్కి కూర్చుంది.

"ఇగో, పైకెక్కిన కష్టమంత నాలనే దాగున్నది. గిదే స్థితిజ శక్తి!"

సర్రున జారుతూ, "గిది గతిజ శక్తీ!" అని అరిచి ఇసుకలో పడింది. లేచి వెనక తడుముకుంటూ, "అబ్బ, రాపిడికి కాలింది! ఉష్ణశక్తి!" అంది.

వాచ్‌మన్ ఈల వేస్తూ వచ్చాడు. "ఏందమ్మా, పిల్లల బండ మీద మీకేం పని?"

"సదువుకుంటున్నం కాకా!"

నవ్వు ఆగక నేనూ ఎక్కాను. అలసిపోయేదాకా ఇద్దరం జారాం.

ఫలితాల్లో నా నంబరు ఉంది, అక్కది లేదు. ఫోను వెనక దాచుకుని గుమ్మంలో ఆగాను. అక్క నా ఫోను లాక్కుని, తన నంబరు లేదని, నాది ఉందని చూసి, సంతోషంతో కేకేసి, నన్ను అమాంతం పైకెత్తి గిరగిరా తిప్పింది.