పాపాఘ్ని వంతెన కింద నీళ్ళు

ఆ రోజుల్లో మా చేతికి ఫోను వచ్చింది గాని అక్షరం రాలేదు. బడి గంట కొట్టే పొద్దుకు నేను రాట్నం ముందర కూర్చుని కండెలు చుట్టేదాన్ని. పెద్దదాన్ని కాబట్టి నేను చుట్టాను, చెల్లెళ్ళు చదివారు. నలభై దగ్గరపడ్డాక మా వీధిలో తెలుగూ ఇంగ్లీషూ అక్షరాలు నేర్పితే పోయి కూర్చున్నాను. అందుకే ఈ ముచ్చట ఇన్నాళ్ళకు రాస్తున్నాను. చదువు రానివాళ్ళకు అనుమానం జాస్తి. పక్కన ఇద్దరు ఫోను చూసి నవ్వితే అది మన గురించే అనిపిస్తుంది.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు, సొంత మగ్గానికి కొత్త. కమలాపురం దగ్గర మా నేతగాళ్ళ వీధిలో తెల్లారకముందే పడుగు దారాలను వీధి పొడుగునా చాచి, గంజి పట్టించి, ఇటొకరు అటొకరు కుంచె పట్టుకుని అడుగులో అడుగేసి దువ్వాలి. నాకు జోడీ ఎప్పుడూ మా తోడికోడలు అక్కే, ఇద్దరికీ గంజి కాచేదీ ఆమే. గంజి పల్చనైతే పోగు నిలవదు. ఒకసారి నా పడుగు మగ్గం మీద పోగు పోగూ తెగుతుంటే, "నా పడుగు గంజిలో కావాలనే నీళ్ళు కలిపినావు" అని నడివీధిలో అనేశాను. "నీకు నేత రాకపోతే నా గంజి ఏం చేస్తాదిమ్మే?" అని కుంచె విసిరేసి పోయింది. అంతటితో మాటలు బంద్. కొత్త పడుగు మూలన పడింది, మగ్గం ఊరికే ఉంది. మా ఆయనను రెండో కుంచెకు నిలబెడితే నాలుగడుగులకొక బీడీ. నాకు అక్క కావాలి. కానీ ముందు నేను పిలిస్తే తప్పు నాదైపోదూ?

మా వీధిలో అలకలన్నీ అప్పుడు ఫోను స్టేటస్‌లోనే నడిచేవి. మా ఆడబిడ్డ కూతురు కడపలో డిగ్రీ చదివేది. మా ఇంట్లో కాఫీ తాగి అక్క వాళ్ళింట్లో దోసె తినే రకం (అందుకే దాన్ని సగమే నమ్మేదాన్ని). దాన్ని పిలిచి, "పాతది వదిలేద్దామనే మాట నా స్టేటస్‌లో ఇంగ్లీషులో పెట్టే. తెలుగులో అయితే లొంగిపోయినట్టుంటాది" అన్నాను.

"శానా ఉండాయత్తా. ఫర్గివ్ అండ్ ఫర్గెట్. క్షమించి మరిచిపోవడం."

"ఎవరు ఎవర్ని క్షమించేది?"

"అది అందులో లేదత్తా."

"అయితే వద్దు. నేను కాళ్ళు పట్టుకున్నాననుకుంటాది."

"మూవ్ ఆన్? దాన్ని దాటుకుని ముందుకు పోవడం."

"నేను ముందుకు పోతే రెండో కుంచె ఎవరు పడతారే?"

"వాటర్ అండర్ ద బ్రిడ్జ్. వంతెన కింద పోయిన నీళ్ళు, మళ్ళా రావు అని."

"మన పాపాఘ్ని వంతెన కింద ఇసుక తప్ప నీళ్ళు యాడ చూసినావే? ఎగతాళా?"

అది తల పట్టుకుని, "లెట్ బైగాన్స్ బి బైగాన్స్. అయిపోయిందేదో అయిపోయింది. ఇద్దరిదీ" అంది. ఆ 'ఇద్దరిదీ' దగ్గర నేను కొంచెం మెత్తబడ్డాను. (అయినా పిల్ల ఫోనులో నిజంగా ఆ మాటే కొట్టిందో, ఇంకేమైనా కొట్టిందో అని గుబులే.)

అక్క చూసినట్టు ఫోనులో గుర్తు పడింది. సాయంత్రానికి ఆమె స్టేటస్‌లోనూ ఇంగ్లీషు తేలింది. చూస్తే నా మాటలాగే ఉంది. వెక్కిరించడానికి నాదే ఎత్తి పెట్టిందా? ఒళ్ళు మండి పిల్లను పట్టుకున్నాను. అది నవ్వు ఆపుకోలేక, "అదే మాటత్తా. పెద్దత్త కూడా నన్నే అడిగింది. అన్నీ చెప్పినా, అదే ఏరుకుండాది" అంది.

"వంతెన మాటకు ఏమన్నాది?"

"ఇసుక తప్ప నీళ్ళు యాడుండాయే అన్నాది."

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఇంకో అనుమానం. "ముందు అడిగింది ఎవరే?"

"అది మాత్రం అడగొద్దత్తా. రెండిండ్లలో తినేదాన్ని."

ఇప్పుడు ఆ మాటలన్నీ కూడబలుక్కుని చదవగలను. అన్నింటికన్నా ఆ వంతెన మాటే నాకు ఇష్టం. అప్పటి నన్ను తలుచుకుంటే, ఫోను తిరగేసి బోర్లేసి చూసే ఆ మనిషి మీద జాలీ నవ్వూ కలిసి వస్తాయి.

మర్నాడు తెల్లారకముందే పడుగు ఎత్తుకుని వీధిలోకి పోయాను. అక్క అప్పటికే గంజికుండతో నిలబడి ఉంది. "చూసుకోమ్మే, నీళ్ళుండాయేమో!" అంది. "అయిపోయిందేదో అయిపోయింది కదక్కా" అంటూనే కుండలో వేలు ముంచి చూశాను. చిక్కగానే ఉంది. కుంచె అందుకున్నాను.