కుర్చీ చేతుల్లో నెర్రెలు

మా నాయనకు ఉబ్బసం. పడుకుంటే ఊపిరాడేది కాదు. ఆళ్లగడ్డ ఇంట్లో టేకు కుర్చీలోనే కూర్చునేవాడు, అందులోనే నిద్రపోయేవాడు. ఆయాసం వస్తే ముందుకు వంగి, రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద అదిమి, ఒళ్లంతా పైకెత్తి ఊపిరి లాగేవాడు.

డెబ్బైల చివర్లో నంద్యాలలో డిప్లొమా చదువుతూ ఎండాకాలం సెలవులకు వచ్చాను. కుర్చీ చేతులు రెండూ ముందు కొస నుంచి నెర్రెలిచ్చి ఉన్నాయి. కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. కుడిది తొమ్మిది సెంటీమీటర్లు, ఎడమది ఏడు. కావలసినవి: నంద్యాల బజారులో కొన్న తెల్ల బంక, గరుకు కాగితం, పాత సైకిలు ట్యూబు, రంపపు పొట్టు. పొట్టు కోసం వడ్రంగం చేసే ఆచారి దగ్గరికి పోయాను.

"ఇప్పుడు పూడ్చొద్దప్పా," అన్నాడు. "రేగడి చేను ఎండకు నెర్రెలిస్తే ఎవడన్నా సిమెంటు పోస్తాడా? వానలకు అదే మూసుకుంటాది. కట్టె కూడా అంతే. పూడిస్తే ఉబ్బినప్పుడు అది యాడికి పోవాల?"

"యాభై ఏండ్ల టేకు. ఇంకేం ఉబ్బుతుంది?"

"సదువుకున్నోడివి. నీ ఇష్టం."

బంకలో పొట్టు కలిపి నెర్రెల్లో దట్టంగా కూరాను. ట్యూబు బిగించి రెండు రోజులు కదపలేదు. తర్వాత గోరు పెట్టినా అతుకు తగల్లేదు. నాయన వేలితో తడిమి, "మనింట్లో కూడా ఒక ఆచారి పుట్టినాడే!" అని నవ్వాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒక ఆదివారం ఇంటికి వస్తే కుర్చీ వైపు నుంచి 'టిక్'మని వినిపించింది.

"బల్లి," అంది అమ్మ.

వంగి చూశాను. నేను కూరింది రాయిలా అలాగే ఉంది. అది ఆగిన చోటి నుంచి కుడి చేతిలో వెంట్రుకంత గీత మొదలైంది. దాని కొసన పెన్సిలుతో గుర్తు పెట్టాను. మరుసటి ఆదివారానికి గీత గుర్తు దాటి రెండు సెంటీమీటర్లు పోయింది. కట్టెలు చీల్చేవాడు మేకు దించినట్టు, నా బంకే దాన్ని చీలుస్తోంది.

"నాయనా, కుర్చీ ఒక వారం ఆచారికి ఇద్దాం."

"ఇస్తే నేను యాడ ఆనుకోవాల్రా? నీ నెత్తి మీదనా?"

గీత సంగతి చెప్పకుండా, పెన్సిలు గుర్తును వేలితో తుడిచేశాను.

మూడో ఆదివారం మధ్యాహ్నం, జోరువానలో ఆయాసం వచ్చింది. నాయన ముందుకు వంగి అదిమాడు. కుర్చీ కుడి చెయ్యి పొడవునా చీలి, బయటి సగం కిందికి వాలింది. నేను మోకాళ్ల మీద పడి రెండు చేతులతో దాన్ని ఎత్తి పట్టుకున్నాను. అమ్మ ఆచారి కోసం వానలోకి పరుగెత్తింది. నాయన ఊపిరి లాగినప్పుడల్లా బరువంతా నా అరచేతుల్లోకి దిగుతోంది.

అప్పుడు కుర్చీ ఎడమ చెయ్యి 'టిక్'మంది.

నాయన కూడా విన్నాడు. ఒకసారి దాని వంక, ఒకసారి నా వంక చూశాడు. తన ఎడమ అరచెయ్యి మెల్లగా అక్కడి నుంచి తీసి నా నెత్తి మీద పెట్టి, అదిమాడు.

ఆచారి వచ్చేదాకా నేను మెడ కదపలేదు.