క్లారినెట్ లేని అమరవీరుడు

సిద్దిపేటలో బతికి ఉన్న మనిషి పటానికి దండ వేయించి, అగరుబత్తి వెలిగించి, ఊరి పెద్దలందరినీ రెండు నిమిషాలు మౌనంగా నిలబెట్టిన ఘనత నాది. నిలబడినవాళ్లలో ఆ మనిషి కూడా ఉన్నాడు. ఇంతకంటే పెద్ద ఘనకార్యం మీ ఊళ్లో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి, నా కిరీటం తీసి ఇచ్చేస్తాను. అంతవరకు మాత్రం ఇవ్వను.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఇంటికి చుట్టాలు వస్తే వంటింటి తలుపు వెనక నిలబడి, వాళ్లు పోయాక వాళ్ల గురించి డైరీలో పేజీలకు పేజీలు నింపే రకాన్ని. "నీ నోట్లె నాలుకున్నదా లేదా" అని మా అవ్వ రోజూ అడిగేది. ఆ జవాబు కూడా డైరీలోనే రాసేదాన్ని.

అలాంటి నన్ను రాజలింగం సార్ శిష్యురాలిగా చేర్చుకున్నారు. ఆయన రిటైరైన పంతులు, ఊరి చరిత్ర రాస్తున్నారు. నేను పుట్టకముందు మొదలైన ఆ పుస్తకంలో ఊరు కూడా ఇంకా పుట్టలేదు. గల్లీలు తిరిగి పాత పటాలు, పాత సామాను పోగుచేయడం నా పని. అవన్నీ కలిపి గ్రంథాలయంలో ప్రదర్శన పెడదామన్నారు సార్.

"గిది మంచిగ జరిగితే నా పుస్తకంల చేనేతోళ్ల అధ్యాయం నువ్వే రాయాలె పద్మా. నీ పేరు ఏస్త. ఒక్క తప్పు దొర్లిందనుకో, మళ్ల నా అల్మారి ముట్టనియ్య."

మా బాపు మగ్గం మీద పుట్టి పెరిగినదాన్ని. ఆ అధ్యాయం నాది కాకపోతే ఎవరిది? అచ్చులో నా పేరు ఎలా కనిపిస్తుందో డైరీలో రకరకాలుగా రాసి చూసుకున్నాను.

పటాలు కట్టే నర్సింలన్న దుకాణంలో, దేవుళ్ల పటాల వెనక దుమ్ములో, నాకు ఆయన దొరికాడు. మిలిటరీ కోటు, భుజాల మీద కుచ్చులు, రొమ్ము నిండా బిళ్లలు, కోరమీసం. మోచేతులు వంచి, రెండు చేతులతో దేన్నో గట్టిగా పట్టుకున్నాడు. అదేమిటో కనబడకుండా పటం అక్కడికే అయిపోయింది.

"గీయన ఎవరన్నా?"

"యాదికి లేదు బిడ్డా," అన్నాడు నర్సింలన్న అటు తిరిగి గాజు తుడుస్తూ. "కట్టుమని ఇచ్చిండు, తీస్కపోలే. ఏండ్లయింది. కావాల్నంటే తీస్కపో."

మనిషి మొహం చూపించకుండా మాట్లాడుతున్నాడంటే ఏదో దాస్తున్నాడని ఇప్పుడైతే పట్టేస్తాను. అప్పుడు నా బుర్ర వేరే గుర్రం ఎక్కింది. పటం తీసుకుపోవడానికి రాలేదంటే రాలేకపోయాడు. రాలేకపోయాడంటే లేడు. మిలిటరీ కోటు వేసుకున్న మనిషి ఊరికే లేకుండా పోడు. కాబట్టి సాయుధ పోరాటంలో పోయాడు. అడవిలో దాక్కున్న మనిషికి భుజాల మీద కుచ్చులెందుకని మీరు అడగవచ్చు. నన్ను నేను అడగలేదు. పటం కింద అట్టముక్క మీద నా చక్కని చేతిరాతతో రాశాను: "పేరు తెలియని అమరవీరుడు. చేతిలో తుపాకి ఉంది, పటంలో కనబడదు."

సార్ చదివి కళ్లు తుడుచుకున్నారు. దండ తెప్పించారు.

ప్రారంభం రోజు మౌనం అయిపోగానే జనమంతా మిర్చిబజ్జీల దిక్కు కదిలారు. పటాల దగ్గర నేనొక్కదాన్నే మిగిలాను. తెల్ల లాల్చీ, మందపాటి కళ్లద్దాల ముసలాయన ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. రోజూ ఉర్దూ పేపరు చదవడానికి వచ్చే ఖాదర్ సాబ్ అని తర్వాత తెలిసింది.

"బేటీ, పేపర్ల టేబుల్ ఏడ పెట్టిన్రు? నేనొచ్చేసరికి అందరు నిలబడ్డరు, నేను గూడ నిలబడ్డ."

"ఆ మూలకు జరిపినం చాచా."

పోతూ పోతూ పటం ముందు ఆగాడు. అద్దాలు తుడుచుకున్నాడు. "గీయన ఎవరు?"

కొత్తమనిషి ముందు నా నోరు తెరుచుకోవడం అదే మొదలు. తెరుచుకున్నది మూతపడలేదు.

"పోరాటంల పానం ఇచ్చినాయన చాచా."

"అచ్ఛా. ఎట్ల పోయిండు?"

"ఎదురుకాల్పులల్ల." ఇది అట్టముక్క మీద కూడా లేదు. అప్పటికప్పుడు పుట్టింది.

"అయ్యో. పిల్లలు?"

"పెండ్లే చేసుకోలే చాచా. దేశం కోసం."

ఆయన కాసేపు పటాన్ని, కాసేపు నన్ను చూశాడు. "పెండ్లి చేసుకోలేదా. గీ ముచ్చట మా ఇంట్లామెకు చెప్పకు బేటీ. గుడ్డలు మూటగట్టుకొని పుట్టింటికి పోతది."

నాకు అర్థమయ్యేసరికి నా కాళ్లు మగ్గం గుంతలోకి దిగిపోయినట్టయింది.

"సచ్చిన్నంటే సచ్చిన్ననుకో, దానికేం గని," అన్నాడు ఆయన. "నా క్లారినెట్ ఏది?"

ఆయన పెళ్లి బ్యాండు మాస్టరు. ఆ కోటు, కుచ్చులు, బిళ్లలు బ్యాండువే. గొంతుల గోల విని బజ్జీతో సహా సార్ వచ్చారు. ఎవరో దుకాణానికి పరుగెత్తి నర్సింలన్నను పట్టుకొచ్చారు.

"ఫ్రేముల పట్టలే సాబ్," అన్నాడు నర్సింలన్న నేల చూస్తూ. "కింద జెర్రంత కోసిన."

"జెర్రంతనా? నా క్లారినెట్ మొత్తం కోసి, వట్టి మొఖం చేతిల పెడితివి. నా మొఖం ఎవనికి కావాలె? అందుకే ఆడనే ఇడిసిపెట్టి పోయిన, మల్ల నీ దుకాణం మొఖం సూడలే."

సార్ నన్ను పక్కకు పిలిచారు. "రేపు పట్నం నుంచి పెద్దమనుషులొస్తరు. పటం తీసెయ్. ఎవరన్న అడిగితే గోడకు చెమ్మొచ్చింది అను."

"చీటీ మారుస్త సార్. పటం తీయను."

అది నా గొంతే అని నాకే నమ్మకం కలగలేదు.

"బ్యాండు వాయించెటాయన చరిత్రల ఎట్లొస్తడు పద్మా?"

"తుపాకి ఉంటె వచ్చిండు గద సార్. దండ గూడ ఏసిన్రు. మనిషి గదే, మొఖం గదే. క్లారినెట్ ఉంటె ఎందుకు రాడు? మీ పెండ్లికి ఎవరు వాయించిన్రు?"

సార్ బజ్జీ వైపు చూసుకున్నారు.

"నేనే," అన్నాడు ఖాదర్ సాబ్. "సార్ గుర్రమెక్కి గజగజ వణుకుతుండు. గుర్రం బెదరకుంట జర నిమ్మళంగ వాయించిన."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సార్ కూడా నవ్వబోయి, పెద్దరికం గుర్తొచ్చి ఆపుకున్నారు. "చేనేత అధ్యాయం మర్శిపో," అన్నారు.

డైరీలో రకరకాలుగా రాసుకున్న నా పేరు గుర్తొచ్చింది. అబద్ధం చెప్పను. కానీ నాలుక అప్పటికే అలవాటు పడింది. "మంచిది సార్. బ్యాండోళ్ల అధ్యాయం రాస్త."

"నా పుస్తకంల అది లేదు."

"నా పుస్తకంల ఉంటది."

ఈలోగా నర్సింలన్న ఫ్రేము విప్పాడు. వెనక అట్ట వదులైందని, కోసిన ముక్కనే మడిచి సందులో దోపాడట. అందులో క్లారినెట్ ఉంది, దాన్ని పట్టుకున్న వేళ్లతో సహా. ముక్కను కిందికి అతికించాం. అతుకు ఊరంతటికీ కనిపించేట్టు ఉంది. నేను కొత్త చీటీ రాశాను: "ఖాదర్ సాబ్, క్లారినెట్. ఈ ఊరి పెళ్లిళ్లకు వాయించాడు. బతికే ఉన్నాడు."

మరుసటి రోజు నుంచి సార్ సేకరించిన రాగి శాసనం ముందు ఈగలు కూడా ఆగలేదు. ఆడవాళ్లు, ముసలివాళ్లు అందరూ ఆ పటం దగ్గరే, తమ ఊరేగింపుల ముచ్చట్లు చెప్పుకుంటూ నిలబడ్డారు. నేను తలుపు వెనక కాదు, వాళ్ల మధ్యలో కూర్చుని రాసుకున్నాను.

నేను పటం మీది దండ తీయబోతే ఖాదర్ సాబ్ ఆపాడు. తనే తీసి మెడలో వేసుకున్నాడు. పోతూ పోతూ గడపలో ఆగాడు.

"బేటీ, నేను నిజంగ పోయిననాడు మల్ల మౌనం పెట్టకు. నాది అయిపోయింది. ఆనాడు బ్యాండు పెట్టు."

అందుచేత పాఠకుల సాక్షిగా, ఆ క్లారినెట్ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకముందు ఏ మనిషినైనా అమరుణ్ణి చేసేముందు పటం వెనక విప్పి చూస్తాను, ఇంటికి పోయి అన్నం తిన్నాడా అని అడుగుతాను. ఆయన భార్యను కూడా అడుగుతాను. పటం మాత్రం తీయను.