డబ్బా విప్పకముందే తగ్గిన నా జబ్బు

పలాసలో మాది జీడిపప్పు కొట్టు. మా నాన్న పెట్టింది. పెళ్లయ్యాక కూడా గల్లా దగ్గర నేనే కూర్చుంటున్నాను. ఒక రోజు పొద్దున్న కొత్తగా వచ్చిన పప్పు డబ్బా విప్పి, అలవాటు కొద్దీ ఒక పలుకు నోట్లో వేసుకున్నాను. తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టు ఉంది. ఇంకొకటి వేసుకున్నాను, అదే రుచి. సరుకు పంపిన, జీడి పిక్కలు కాల్చే బట్టీ యజమానికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం ఆయన పని మానుకుని వచ్చి, నాలుగు పలుకులు నమిలి చూశాడు.

"బంగారంలాంటి పప్పమ్మా ఇది. నీ నోటికేటైనాదో సూపించుకో."

బేరంలో ఓడిపోయేవాడు అలాగే అంటాడు అనుకుని, మంచి సరుకును తిప్పి పంపేశాను. ఆ తర్వాత కాఫీ, అన్నం, చేపల పులుసు, అన్నిటికీ అదే తుప్పు రుచి. సాయంత్రానికి చెప్పుల పట్టీల అచ్చు పాదాల మీద గుంటలు పడి అలాగే ఉండిపోయేది. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు.

మా ఆయనది టెక్కలి. అక్కడే ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయన నా పాదం మీద వేలితో నొక్కి, ఆ గుంట ఎంతకీ పూడకపోవడం చూసి, "పద, క్రియాటినిన్ సూపించుకుందాం" అన్నారు. మా వైపు వానకు గొడుగు ఎలాగో, ఒంట్లో నలతకు ఈ కిడ్నీల రక్తపరీక్ష, క్రియాటినిన్ అలాగ. అక్షరం రాని ముసలమ్మ కూడా ఆ మాట తడబడకుండా పలుకుతుంది. మా ఉద్దానం ప్రాంతంలో ఇన్ని ఊళ్లలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇదీ కారణం అని ఈ రోజుకీ తేల్చి చెప్పినవారు లేరు. మా పుట్టింటి ఊరు కంచిలి దగ్గర. అక్కడ పరిశోధన అంటూ మా వాళ్ల చేతుల్లోంచి రక్తం తీసుకెళ్లినవాళ్లు చాలామందే వచ్చారు. తిరిగొచ్చి ఫలితం చెప్పినవాళ్ల ముఖం ఒక్కటీ నాకు గుర్తులేదు. ఆ కోపం నాకు జబ్బు రాకముందు నుంచీ ఉంది.

ఒకటి చుట్టూ ఉండాల్సింది, టెక్కలి ల్యాబులో 3.4 వచ్చింది. "మూడుకి రాదా బాబూ?" అన్నాను. ఆ అబ్బాయి నవ్వలేదు.

శ్రీకాకుళంలో కిడ్నీ డాక్టరు గారు అల్ట్రాసౌండ్ చూసి మెల్లగా చెప్పారు. "రెండు కిడ్నీలూ ష్రింక్ అయ్యాయమ్మా. సీకేడీ, స్టేజ్ ఫోర్. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి. బీపీ మాత్ర ఒక్కరోజు కూడా మానకండి. పెయిన్ కిల్లర్స్ జోలికి వెళ్లకండి. ఎడమ చేతికి ఫిస్టులా చేయించుకోండి, డయాలసిస్ సూదులు వేయడానికి రక్తనాళాలు కలిపే చిన్న ఆపరేషన్. అది తయారవడానికి వారాలు పడుతుంది. డయాలసిస్ అవసరం పడ్డ రోజున కంగారు ఉండదు."

"డాక్టరు గారూ, చివరి మాట చెప్పండి."

"ఇదే చివరి మాటమ్మా."

మొదటి కొట్టులో చెప్పిన మాటకే సరుకు కొనేసే రకం కాదు నేను. ఇంకో కొట్టు చూద్దామని ఫోన్ తీశాను.

అలా దొరికింది ఆ బ్లాగు. పేరు రాయను. నా వల్ల దానికి ఇంకొక్క మనిషి కూడా వెళ్లకూడదు. "డయాలసిస్ అన్నారు, నలభై ఎనిమిది రోజుల్లో నార్మల్" అని వరసగా అనుభవాలు. నవ్వుతున్న ఫోటోలు. ఒక్కరికీ వాంతి లేదు, ఒక్కరికీ వాపు లేదు, ఒక్కరి రిపోర్టూ పెరగలేదు. అందరికీ తగ్గిపోయింది. అందరూ ఆ బ్లాగువాళ్లు డబ్బాల్లో అమ్మే ఒకే పొడి తాగారు.

ఇక్కడ మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ఆయన జీడి పిక్కల బస్తా కొనేటప్పుడు పైన ఉన్నవి కన్నెత్తి చూసేవాడు కాదు. చొక్కా చేయి భుజం దాకా మడిచి, బస్తా అడుగుకి చేయి దూర్చి గుప్పెడు పిక్కలు తీసి, అక్కడికక్కడే కోసి లోపలి పప్పు చూసేవాడు. "పైనున్నవి సూపించడానికి పెట్టినవే. సరుకంతా అడుగునుంటాది" అనేవాడు. ఆ విద్య నాకు పదేళ్ల వయసులోనే నేర్పాడు. అలాంటి దాన్ని, నా ఒంట్లో కిడ్నీల కోసం బస్తా మూతి దగ్గరున్నవి చూసి కొన్నాను.

కొనడమే కాదు, బేరం కూడా ఆడాను. అదే నా సిగ్గు. ఫోన్ ఎత్తినవాడు, "మేడమ్, మీ అనుభవం రాసి ఫోటో పంపితే రెండు డబ్బాలు ఫ్రీ" అన్నాడు. "రెండేంటి, నాలుగు" అన్నాను. మూడు దగ్గర తెగింది. పార్సిల్ వచ్చిన రోజే, అట్టపెట్టె ఇంకా గల్లా మీదే ఉండగా, రాసి పంపేశాను. "నలభై ఎనిమిది రోజుల్లో నా క్రియాటినిన్ 1.1కి దిగింది." ఒకటి అని రాస్తే నమ్మరని 1.1 రాశాను. రేటు చెప్పేటప్పుడు గుండ్రటి అంకె చెప్పకూడదని కొట్టులో పెరిగిన ఎవరికైనా తెలుసు.

మా ఆయన అది చదివి నా ముఖం చూశారు. "ఇంకా డబ్బా ఇప్పనేదు కదే. తగ్గిపోనాదని రాసీసినావా?"

"తగ్గుతాది కదా, ముందే రాసీసినాను. మూడు డబ్బాలు ఉత్తినే వచ్చినాయి, అది సూడు."

నా ఫోటో కింద కామెంట్లు వచ్చాయి. "మేడం ముఖంలో ఆరోగ్యం కళకళలాడుతోంది." అది వాపు.

పొడి తాగాను. ఫిస్టులా వాయిదా వేశాను. టెస్టులు మానేశాను, ఎందుకంటే నలభై ఎనిమిది రోజులు పూర్తయ్యేదాకా చేయించవద్దని ఆ బ్లాగులోనే రాసి ఉంది. చెడ్డ సరుకు అమ్మేవాడు తూకం రాయి దాచేస్తాడని నాకు తట్టలేదు. నలభై ఎనిమిది అయ్యాయి. "ఇంకో కోర్సు వాడండి" అన్నాడు. వాడాను. ఒక మధ్యాహ్నం కొట్టులో కూర్చుని ఉండగానే ఊపిరి అందలేదు. ముందుకు వంగితే ఒక తీరు, వెనక్కి వాలితే ఒక తీరు, ఎలాగూ గాలి లోపలికి పోదు. విశాఖపట్నం తీసుకెళ్లేసరికి ఊపిరితిత్తుల్లో నీరు. క్రియాటినిన్ 8.9. ఫిస్టులా లేదు కాబట్టి మెడలో గొట్టం వేసి ఎమర్జెన్సీ డయాలసిస్ చేశారు.

అక్కడి డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. ఒక్కటే అడిగింది. "ఆ పొడిలో ఏముందో డబ్బా మీద రాసి ఉందా?"

"లేదమ్మా."

"లోపల ఏముందో తెలియని డబ్బా మీ కొట్టులో అమ్ముతారా?"

తిట్టినా అంత తగిలేది కాదు.

అప్పటి నుంచి పలాసలోనే వారానికి మూడు రోజులు, ఉదయం షిఫ్టు. మూడో వారంలో మెడ గొట్టానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. మెషీన్ మీద ఉండగానే చలి. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. యాంటీబయాటిక్స్ ఎక్కించి, గొట్టం మార్చి, కుదుటపడ్డాక చేతికి ఫిస్టులా వేశారు. అది తయారయ్యే వారాలన్నీ ఆ చేతిని పసిబిడ్డలా మోశాను. శ్రీకాకుళం డాక్టరు గారు చెప్పినప్పుడే వేయించుకుని ఉంటే, మెడలో ఆ రెండు గొట్టాలూ ఉండేవి కావు.

వార్డులో సిస్టరు నాకు ఇంకో బ్లాగు చూపించింది. రాసేది హరిశ్చంద్రపురంలో బట్టలు కుట్టే ఒకావిడ. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉంది. ప్రతి ఆదివారం రాస్తుంది. మొదట నాలుగు పోస్టులు చదివి, ఇదేం సరుకు అనుకున్నాను. బరువు ఎంత పెరిగింది, సూది ఎక్కడ నొప్పి పుట్టింది, ఏ జాకెట్టు కుడుతూ కళ్లు తిరిగాయి. అలంకారం లేదు, ఆశ పెట్టడం లేదు. ఆ తర్వాత ఇది కనపడింది. "ఐసు ముక్క చప్పరిస్తే దాహం తీరుతుందని పోయిన నెల రాశాను. కానీ ఐసు కూడా నీళ్లేనని లెక్కలో వేసుకోలేదు. ఈ వారం రెండు కిలోలు ఎక్కువ పెరిగాను. నా మాట విని ఎవరైనా అలా చేస్తుంటే లెక్క చూసుకోండి. తప్పు నాది." పాత పోస్టు తీసేయలేదు. దాని కిందే "ఇది తప్పు" అని రాసి ఉంచింది.

మా నాన్న చొక్కా చేయి మడిచినట్టు, నేనూ ఆ బ్లాగు అడుగుకి చేయి దూర్చాను. మొదటి పోస్టు దాకా వెళ్లి, ఒక్కొక్కటే చదువుకుంటూ పైకి వచ్చాను. అడుగున ఏ సరుకు ఉందో పైనా అదే ఉంది. ఆదివారం వస్తే ఆవిడ ఏం రాసిందా అని చూడటం అలవాటైంది. బాగుందని రాసినా, బాగోలేదని రాసినా నమ్మేదాన్ని.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను.

ఒక బుధవారం నా పక్క మంచం మీదికి లోకనాథం అనే కొత్త మనిషి వచ్చాడు. కంచిలి వైపు కొబ్బరి తోటల్లో పని. మెడలో కొత్త గొట్టం. మూడో సిట్టింగు. మెషీన్ తిరుగుతుంటే, అక్కని అప్పా అనే మా వైపు పిలుపుతో, నాతో మాట కలిపాడు.

"ఏటప్పా, ఎన్నాళ్ల నుంచి ఇదీ?"

"ఆరు నెలలైంది."

"నాకు ఈ వారంతో సరి. మానేత్తన్నాను."

"మానేసి?"

"ఇంటికాడ పొడి డబ్బాలు రెండున్నాయి. నాను మజ్జిలో ఆపీసినాను, అందుకే ఇలగైనాది. సక్కగా తాగితే తగ్గిపోద్ది. మన పలాసావిడకే తగ్గినాది. జీడిపప్పు కొట్టంట. మా పాప కూడబలుక్కుని సదివి ఇనిపించింది. నువ్వూ సూడు."

ఫోన్ నా వైపు తిప్పాడు. 1.1 కింద నేను నవ్వుతున్నాను.

బేరంలో ఏనాడూ తడబడని నోరు నాది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మాస్కు ఉంది, ముఖం పీక్కుపోయి ఉంది. కానీ ఇతను శుక్రవారం రాకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఊపిరి అందకపోవడం ఎలా ఉంటుందో తెలుసు. మాస్కు తీశాను.

"తమ్ముడూ, ఆవిడ్ని నేనే."

"ఊరుకో అప్పా. ఈవిడ బొద్దుగా ఉంది, నువ్వు ఎండు సేపలాగున్నావు."

"అది ఒళ్లు కాదురా, నీరు. ముక్కుపుడక సూడు."

ఫోన్ వైపు, నా వైపు రెండు మూడు సార్లు చూశాడు. నా సంచిలో రిపోర్టుల ఫైలు ఎప్పుడూ ఉంటుంది. సిస్టరు చేత తీయించి అతని దుప్పటి మీద పెట్టించాను. 3.4. ఆ తర్వాత 8.9. మధ్యలో 1.1 ఎక్కడా లేదు.

"మరి ఇలగెందుకు రాసినావు?"

"మూడు డబ్బాలు ఉత్తినే ఇత్తానన్నారు."

అతను గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. గోడవైపు తిరిగి, "నా కూతురు సదివింది" అన్నాడు. అంతే. తర్వాతి సిట్టింగు నుంచి మంచం మార్పించుకున్నాడట. శుక్రవారం నేను వెళ్లేసరికి వార్డు ఆ చివర పడుకుని ఉన్నాడు. వచ్చాడు, అది చాలు అనుకున్నాను.

ఇంటికెళ్లి ఆ పొడి వాడికి ఫోన్ చేశాను. నా ఫోటో తీసేయమన్నాను. "ఒకసారి ఇచ్చిన అనుభవం మాది మేడమ్. కావాలంటే ఇంకో ఆరు డబ్బాలు పంపిస్తాం, గొడవ వద్దు" అన్నాడు. నా జన్మలో బేరం ఆడకుండా ఫోన్ పెట్టేసింది అదొక్కసారే. కింద కామెంటు రాశాను, చెరిపేశారు. మళ్లీ రాశాను, మళ్లీ చెరిపేశారు. పోలీసులకు కాగితం ఇచ్చాను. ఈ మాటలు రాస్తున్న ఈ రోజుకీ నా ముఖం అక్కడ నవ్వుతూనే ఉంది. దాన్ని చూసి ఇంకా ఎంతమంది డబ్బా విప్పారో నాకు తెలియదు. ఆ కోపం పొడి వాడి మీద సగం, నా మీద సగం.

అందుకే నేనూ ఒక బ్లాగు పెట్టాను. మొదటి పోస్టులో అదే ఫోటో, పక్కనే ఈనాటి ముఖం, కింద రిపోర్టులన్నీ తారీఖుల వరసలో. ఏమీ అమ్మను. ప్రతి ఆదివారం రాస్తాను. హిమోగ్లోబిన్ పడిపోతే పడిపోయిందని, పండక్కి ఊరగాయ తిని బీపీ పెంచుకుంటే నా పొగరని రాస్తాను. జీడిపప్పు అమ్ముకునే దాన్ని, పొటాషియం, ఫాస్ఫరస్ భయానికి జీడిపప్పు తినకూడని దాన్ని అని కూడా రాశాను. దానికి జనం బాగా నవ్వారు.

ఇప్పుడు నా చేతి ఫిస్టులా మీద చెవి పెడితే బట్టీలో మోటారులా ఝుమ్మంటుంది. వారానికి మూడు రోజులు ఆ చేయి ఆసుపత్రిది, మిగతా రోజులు కొట్టుది. పలుకు నోట్లో వేసుకునే పని మా ఆయనకు అప్పగించాను. ఆయనకు అన్నీ బాగానే ఉంటాయి. ఆ తుప్పు రుచి పప్పుది కాదు, నా జబ్బుదేనని ఒప్పుకుని ఆ బట్టీ యజమానికి క్షమాపణ చెప్పి, అతని దగ్గరే మళ్లీ సరుకు తెప్పిస్తున్నాను.

పోయిన నెల ఒక ఆదివారం జ్వరం వచ్చి రాయలేకపోయాను. సోమవారం వార్డులో మెషీన్ మీద ఉన్నాను. ఆ చివర మంచం నుంచి, నెలల తర్వాత, లోకనాథం గొంతు వినిపించింది.

"ఏటప్పా, నిన్న రాయనేదేటి? మా పాప మూడుసార్లు తీసి సూసింది. సచ్చిపోనావేమో అనుకున్నాం."

"ఇంకా నేదురా. జొరం."

"అయితే జొరమని రాయి."

రాశాను.

మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. జబ్బు గురించి ఎవరి బ్లాగు చదివినా పైనున్న పోస్టు చూసి ఆగిపోకండి. అడుగుదాకా వెళ్లి, వాళ్లకు బాగోలేని వారం ఏం రాశారో వెతకండి. బాగోలేని వారం ఒక్కటీ కనపడలేదా, ఆ బస్తా దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. మీ డాక్టరు ఫిస్టులా అన్న రోజున, మీరు ఇంకా బేరమాడే ఓపికతో ఉండగానే, చేయి చాపండి.