నానమ్మ నోట వచ్చిన ప్రశ్న

నా చిన్నప్పుడు మా గడిలో, ఆ పాత దొరల కోటలాంటి ఇంట్లో, ఎవరూ ఎవరినీ ఏదీ అడిగేవారు కాదు. అడగడమంటే చెయ్యి చాచడమేనని మా నానమ్మ నమ్మకం. భూములు పోయాయి, జీతగాళ్లు వెళ్లిపోయారు. బోధన్ ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు మా గోడ పక్కనుంచి ఆగకుండా సాగిపోయేవి. ఆ పట్టింపు మాత్రం మిగిలింది. దానికి వారసురాలిని నేనొక్కదాన్నే. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

బడిలో లెక్క అర్థం కాకపోయినా మెడ నిటారుగా పెట్టి తల ఊపేదాన్ని. ఆ ఏడు పరీక్ష తప్పాను. తప్పు పంతులుదేనని తేల్చి, ఇక బడి చాలంది నానమ్మ. అమ్మ గుట్టుగా మా మేనమామకు కబురు పెట్టింది.

మామయ్య హైదరాబాదులో ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పేవాడు. ఇంజనీరై ఉండి వంతెనలు కట్టక ఆ పంతులు పని ఏమిటని నానమ్మకు చిన్నచూపు. నన్ను నిజామాబాద్ బడిలో చేర్పించాలని వచ్చిన మనిషి ఆ మాటే ఎత్తలేదు. మా గడి తలుపు చాలా పెద్దది. మా వాళ్లు దాన్ని తమ చేత్తో తెరిచే ఆనవాయితీ లేదు. తెరిచే మనిషి లేక, పక్కనున్న చిన్న దిడ్డి వాకిట్లోంచి తిరిగేవాళ్లం. మామయ్య పొద్దున్నే వెళ్లి, కీలు దగ్గర చేతులు ఆనించి ఆ తలుపును నెట్టసాగాడు. చెమటలు కారాయి కానీ అది కదలలేదు.

“నాతోని అయితలేదు బిడ్డా, నువ్వు సూడు,” అన్నాడు.

నేను అటు చివర చేతులు వేసి నెట్టాను. తలుపు కిర్రుమని కదిలింది. ఎందుకు కదిలిందని అడిగాడు. అలవాటు కొద్దీ తల ఊపాను. తెలియదన్న మాట నోట రాలేదు. ఆయన నవ్వలేదు, జవాబూ చెప్పలేదు. అలాగే నిలబడ్డాడు.

“పట్నంల నువ్వు చెప్పే సదువు గిదేనా, తలుపులు తెరుసుడు?” అంది అరుగు మీదినుంచి నానమ్మ.

“గిదే అత్తమ్మా. ఏటా గీడికెల్లే షురూ చేస్త. మీరొకపారి నెట్టి సూడున్రి.”

ఆయన్ని చిన్నబుచ్చడానికే కావచ్చు, దిగి వచ్చింది. కీలు దగ్గర బలమంతా పెట్టినా కదలని తలుపు, చివర అరచెయ్యి ఆనిస్తే చాలు, వెనక్కి పోయింది. మళ్లీ కీలు దగ్గరికి వెళ్లి నెట్టి చూసింది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

“గట్లెందుకైతది?” అంది మెల్లగా.

ఆమె ఒకరిని అడగడం నేను వినడం అదే మొదటిసారి. మామయ్య గెలిచినట్టు చూడలేదు. నేల మీద కూర్చుని, పుల్లతో గీతలు గీసి, ఆమెకే చెప్పాడు. నేనూ పక్కన కూర్చుని, “నాకు తెల్వలే మామయ్యా, మళ్ల చెప్పు,” అన్నాను. నానమ్మ వారించలేదు. బడులు తెరిచాక నన్ను నిజామాబాద్ బస్సు ఎక్కించింది ఆమే.

తర్వాత నేనూ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. పరిశోధనలతో పేరు తెచ్చుకోకుండా పాఠాలకే అతుక్కుపోయిందన్నారు కొందరు. అననిచ్చాను. ప్రశ్న వేశాక క్లాసులో కమ్ముకునే మౌనాన్ని కొత్త అధ్యాపకులు భరించలేరు, జవాబు తామే చెప్పేస్తారు. మెడ నిటారుగా పెట్టి తల ఊపే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. తెలియదన్న మాట గొంతు దాటి రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. నేను అంతసేపూ ఆగుతాను.