గేదె వెంట్రుకల బెలూను

నర్సీపట్నంలో నేను అద్దెకుంటున్న గదికీ, ఇంటివాళ్ల గేదె పాకకీ మధ్య ఒక్క గోడే అడ్డం. పదో తరగతితో బడి మానేసినా గ్రంథాలయంలో బెంచీలు అరగదీసినవాణ్ణి. అందులోనూ యుద్ధ చరిత్రలంటే మరీ ఇష్టం. విశాఖలో నాలాంటివాళ్లు కొందరు అప్పుడప్పుడు ఆదివారం కలిసి, బల్ల మీద బొమ్మ సైనికుల్ని నిలబెట్టి, పాచికలు వేసి, స్కేలుతో దూరాలు కొలుస్తూ పాత యుద్ధాలు ఆడతారు. ఈసారి ఆటకి పరిశీలన బెలూను చేసి తెస్తానని మాటిచ్చాను. విమానాలు లేని కాలంలో పెద్ద గాలిబుడగకి బుట్ట కట్టి, అందులో మనిషిని పైకి పంపి, శత్రువు ఎక్కడున్నాడో చూసేవారు. ఎగిరిపోకుండా కింద తాడు పట్టి ఉంచేవారు.

అలాంటిది బజారులో దొరకదు. థర్మకోల్ బంతికి పల్చటి కాగితం అతికించి, అప్పటి బెలూన్లకి వాడిన వార్నిష్ పట్టులా కనబడాలని పసుపు రంగు వేశాను. తాటాకు చీలికలతో బుట్ట అల్లాను. అందులో నిలబడే ఇద్దరు మనుషుల్ని ప్లంబర్లు వాడే పుట్టీతో వేలి కణుపంత చేశాను. లోపల బలానికి పెట్టిన గుండుసూదుల మొనలు కాళ్ల కింద బయటికి ఉండిపోయాయి. చిక్కల్లా బుట్టని బెలూనుకి కట్టే తాళ్ల దగ్గరే వచ్చింది. కుట్టుదారం ఆ కొలతకి మోకులా కనిపించింది. పాక దడికి చిక్కుకున్న గేదె తోక వెంట్రుకలు చూశాను. నల్లగా, బిరుసుగా, సరిగ్గా కావలసినంత సన్నంగా ఉన్నాయి. రోజూ కొన్ని ఏరుకొచ్చేవాణ్ణి.

అదే వారం గేదె చేపడం మానేసింది. దూడని వదిలినా పాలు దిగడం లేదు.

ఇంటావిడ నాతో మాట తగ్గించింది. నేను అటు వెళితే పాక తడిక వేసేది. పని నుంచి వచ్చేసరికి నా కిటికీ రెక్క కొంచెం జరిగి ఉండేది. గది వాళ్ల బంధువులెవరికో కావాలేమో, నన్ను పంపడానికి సాకు వెతుకుతోందేమోనని నేనూ ఆవిణ్ణి అనుమానించాను.

ఒక సాయంత్రం ఆవిడా, కోటవురట్ల నుంచి వచ్చిన ఆవిడ అన్నగారూ నా గుమ్మంలో నిలబడ్డారు. లోపలికి రాలేదు.

"ఆ పసుపు బంతి ఏటి బాబూ?" అన్నాడాయన.

"బెలూనండీ. ఆటకి."

"ఆటకైతే మనిషిబొమ్మల్లో సూదులెందుకు?"

బెలూనూ, గ్రంథాలయం పుస్తకమూ తెచ్చి చూపించాను. లోపల ఏ వాయువు నింపేవారో కూడా ఉత్సాహంగా చెప్పుకుపోయాను. ఆయన పుస్తకంలో బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"సూసినావా, దీనికి పుస్తకం కూడా ఉందంట," అన్నాడు చెల్లెలితో.

ఆవిడ వంగి తాళ్ల వంక చూసింది. "ఈ ఎంట్రుకలెక్కడివి?"

అప్పటిదాకా నాకు తట్టలేదు. చేతబడి చేసేవాడు, చిల్లంగి పెట్టేవాడు ముందు వెంట్రుకే సంపాదిస్తాడని ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. తాళ్ల లావు చూసుకుంటూ ఆ సంగతే మరిచిపోయాను.

"మీ గేదెవేనండీ పిన్నిగారూ. దడి మీదవి."

"అడిగి తీసినావా?"

"లేదండీ."

"మరింకేటి సెప్తావు. తెల్లారేసరికి గది కాళీ సేసెయ్యి."

నేను బ్లేడు తెచ్చి వాళ్ల ఎదుటే తాళ్లన్నీ కోసేశాను. ఆవిడ చేత్తో ముట్టలేదు. చేట తెచ్చి పట్టింది. అందులో వేస్తే తీసుకెళ్లి పొయ్యిలో పడేసింది. వీధి దాకా కమురు వాసన వచ్చింది.

"సూద్దాం," అన్నాడు అన్నగారు. ఆ రాత్రికి సామాను కట్టలేదు.

మర్నాడు పశువుల డాక్టరు వచ్చి ఇంజెక్షన్ చేశాడు. రెండు మూడు రోజులకి గేదె చేపింది. మందు పనిచేసిందండీ అన్నాను ఇంటావిడతో.

"డాక్టరు అంతకుముందూ వొచ్చి పొడిసినాడు కదా బాబూ," అంది, నా మొహం చూడకుండా.

గది ఖాళీ చెయ్యమని మళ్లీ ఎవరూ అనలేదు. దానికి కారణం గోడ అవతలి మాటల్లోనే తెలిసింది. "ఉండనీ. కోపంతో పంపితే ఎక్కడ కూకుని ఏటి సేస్తాడో," అంటున్నాడు అన్నగారు.

నైలాన్ దారం కట్టి బెలూను విశాఖ తీసుకెళ్లాను. దారం మెరుస్తోందన్నారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే నా గుమ్మంలో చెంబుతో పాలు ఉంటాయి. నేను అడగలేదు. తలుపు తీసేసరికి అక్కడ ఎవరూ ఉండరు.